పోస్ట్‌మోడర్న్ నవలలు ఎందుకు కొరుకుడు పడవు, పడకపోయినా ఎందుకు చదువుతారు

2025 సెప్టెంబరు చివర్లో మొదలై రెండు వారాల లోపే మూడు సంగతులు వరసగా జరిగాయి. అమెరికన్ రచయిత థామస్ పించన్ 1990 నాటి నవల ‘వైన్‌లాండ్’ ప్రేరణతో పాల్ థామస్ ఆండర్సన్ తీసిన సినిమా విడుదలైంది. పించన్ కొత్త నవల ‘షాడో టికెట్’ వచ్చింది. అది వచ్చిన రెండ్రోజులకే హంగరీ రచయిత లాస్లో క్రస్నహోర్కయికి నోబెల్ ప్రకటించారు, ఆయన నవలల్లో ఒకటైతే మొదటి నుంచి చివరిదాకా ఒకే వాక్యం. కథని సూటిగా చెప్పకుండా, కథ చెప్పే పద్ధతితోనే ఆటాడే ఇలాంటి వాటిని పోస్ట్‌మోడర్న్ నవలలంటారు. సినిమా చూసో, బహుమతి వార్త చదివో, ఎప్పుడూ ఇటువైపు రానివాళ్లు కూడా ఈ పుస్తకాలు తెరిచారు. తెరిచాక జరిగేది మామూలే: ముప్పై నలభై పేజీలు, కాస్త తలనొప్పి, పుస్తకం మళ్లీ షెల్ఫులోకి. తప్పు చదివేవాళ్లదా రాసినవాళ్లదా అన్న వాదన మాత్రం దశాబ్దాలుగా తెగడం లేదు.

క్లుప్తంగా

ఈ నవలల్లో కష్టం ఒకటే రకం కాదు, కనీసం నాలుగు రకాలు. అన్నిటికీ ఒకటే మందు వేయడం వల్లే చాలామంది ఆగిపోతారు. అర్థం ఎక్కడో దాచిపెట్టి ఉందనీ, దాన్ని తవ్వి తీయాలనీ అనుకుంటే ప్రతి పేజీ పరీక్షలా తయారవుతుంది. చాలా పుస్తకాల్లో అసలు దాచింది ఏమీ ఉండదు. అయోమయమే కథలో భాగం. అది తెలిశాక హాస్యం కనిపిస్తుంది, వాక్యం వినిపిస్తుంది. అయినా కొన్ని పుస్తకాలు ఊరికే కష్టపెడతాయి, వాటిని వదిలేయడంలో తప్పేమీ లేదు.

అడ్డు పడేది తెలివి దగ్గర కాదు

కథ చదివేటప్పుడు మనసు మాటలని ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోదు. వాటి వెనకున్న పరిస్థితిని బొమ్మ కట్టుకుంటుంది: ఒక గది, అందులో ఇద్దరు, ఒకరికి ఇంకొకరి మీద కోపం. చదవడం మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని సిట్యుయేషన్ మోడల్ అంటారు. రోల్ఫ్ జ్వాన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 1995లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పాఠకుడు చదువుతున్నంతసేపూ ఐదు విషయాలు సరిచూసుకుంటూ పోతాడు. ఇది ఎప్పుడు జరుగుతోంది, ఎక్కడ, ఎవరికి, దేనివల్ల, ఏ ఉద్దేశంతో. ఐదూ మారకుండా ఉంటే చదువు పరుగెడుతుంది. ఒకటి మారితే చిన్న కుదుపు. బొమ్మని కాస్త సవరించుకుని ముందుకి పోతాం.

మామూలు నవల ఒకసారికి ఒకటో రెండో మారుస్తుంది, అది కూడా చెప్పి మారుస్తుంది. ‘మర్నాడు పొద్దున’ అనగానే కాలం మారింది, మనుషులు వాళ్లే, ఊరు అదే. పోస్ట్‌మోడర్న్ నవలలో పేరా మధ్యలో ఐదూ ఒకేసారి మారిపోవచ్చు, మారినట్టు ఒక్క మాటైనా ఉండదు. లండన్‌లో ఒక ఆఫీసరు కిటికీలోంచి చూస్తుంటాడు, అదే వాక్యం చివరికొచ్చేసరికి ఇంకెవరి చిన్నతనమో, ఇంకో ఖండమో నడుస్తుంటుంది. పాఠకుడికి వెంటనే అనిపించేది ‘నేనే ఏదో మిస్సయ్యాను’ అని. వెనక్కి వెళ్తాడు. అక్కడ ఏమీ దొరకదు. మళ్లీ చదువుతాడు, మళ్లీ దొరకదు, అప్పుడు చిరాకు మొదలవుతుంది.

కీలకం ఇక్కడే ఉంది. కావలసిన సమాచారం వెనక లేదు, ముందుంది. ఆ ఆఫీసరు ఎవరో అరవై పేజీల తర్వాత తెలుస్తుంది, కొన్నిసార్లు మూడొందల పేజీల తర్వాత. ఈ పుస్తకాలు పాఠకుడిని వెనక్కి వెళ్లమని అడగవు, తెలియనిదాన్ని చేతిలో పట్టుకుని ముందుకి నడవమంటాయి. స్కూల్లో, పరీక్షల్లో అలవాటైన చదువు దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ అర్థంకాని వాక్యం దాటి ముందుకెళ్లడం తప్పు. అందుకే బాగా చదువుకున్నవాళ్లు, జాగ్రత్తగా చదివేవాళ్లు కూడా ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడొచ్చు. ఇది తెలివి సమస్య కాదు, అలవాటు సమస్య.

మోడర్నిస్టు కష్టం వేరు, ఇది వేరు

పోస్ట్‌మోడర్న్ నవలనీ, దానికి ముందుతరం మోడర్నిస్టు నవలనీ ఒకే గాటన కట్టేయడం వల్ల కూడా గందరగోళం పెరిగింది. మోడర్నిస్టు నవలకి పెద్ద ఉదాహరణ జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ 1922లో వచ్చింది. కష్టమైన పుస్తకమే, కాదనేవాళ్లు లేరు. కానీ అందులో లోకం ఒక్కటే, 1904 జూన్ 16న డబ్లిన్. ఆ ఒక్కరోజు కొందరి మనసుల్లోంచి ఎలా కనిపించిందన్నదే సంగతి. పాత్ర మనసులో ఆలోచనలు ఎలా పారితే అలాగే రాసే చైతన్య స్రవంతి నవలలన్నిటిదీ దాదాపు ఇదే పద్ధతి. ఎవరి తలలో ఉన్నామో పోల్చుకోగలిగితే సగం చిక్కు విడిపోతుంది.

విమర్శకుడు బ్రయన్ మెక్‌హేల్ 1987లో వచ్చిన తన పుస్తకంలో ఈ తేడాని సూటిగా పట్టుకున్నాడు. మోడర్నిస్టు నవల వేసే ప్రశ్న ‘ఈ లోకాన్ని తెలుసుకోవడం ఎలా’ అని. పోస్ట్‌మోడర్న్ నవల వేసేది ‘అసలిది ఏ లోకం’ అని. మొదటిదానిలో కథకుడు అబద్ధం చెప్పినా వెనక ఒక నిజం ఉంటుంది, ఓపికుంటే కనుక్కోవచ్చు. రెండోదానిలో రెండు మూడు లోకాలు ఒకదానిమీద ఒకటి పరిచి ఉంటాయి, ఏది అసలుదో పుస్తకం తేల్చదు. తేల్చకపోవడం రచయిత మరిచిపోయి కాదు, కావాలనే.

ఈ తేడా పట్టించుకోకుండా జాయిస్‌ని చదివినట్టే పించన్‌ని చదివితే, లేని నిజం కోసం వెతుకుతూ ఏడొందల పేజీలు గడిచిపోతాయి.

నారికేళపాకం అనుకోవడంతోనే వచ్చింది చిక్కు

మన కావ్య సంప్రదాయంలో రచన ఎంత తేలిగ్గా అందుతుందో చెప్పడానికి పాకాలు ఉన్నాయి. ద్రాక్షాపాకం నోట్లో వేసుకుంటే చాలు, కదళీపాకానికి తొక్క తీయాలి, నారికేళపాకానికి పీచు ఒలిచి పెంకు పగలగొట్టాలి. కష్టమైన పుస్తకం అనగానే తెలుగు పాఠకుడి మనసుకి తట్టేది మూడోదే. పీచూ పెంకూ దాటితే లోపల కొబ్బరి ఉంటుందని నమ్మకం. ప్రబంధాలకి అది సరిపోతుంది. పదవిభాగం తెలిసి, సమాసం విడగొట్టుకుంటే పద్యం అందుతుంది, అందినదేమిటో నలుగురూ ఒప్పుకుంటారు కూడా.

పోస్ట్‌మోడర్న్ నవలకి ఈ లెక్క నప్పదు. పగలగొట్టే పనే ఇక్కడ పుస్తకం ఇచ్చేది. పగలగొట్టాక లోపల ఏమీ లేకపోవచ్చు, లేదా ఇంకో పెంకు ఉండొచ్చు. వినడానికి మోసంలా ఉంటుంది గానీ, ఇది ఎలా పనిచేస్తుందో ఒక నవలని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

ఒక రాకెట్టు, ఒక మ్యాపు

పించన్ ‘గ్రావిటీస్ రెయిన్‌బో’ 1973లో వచ్చింది, మొదటి ముద్రణ 760 పేజీలు. రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలలు, లండన్ మీద జర్మన్ వీ-2 రాకెట్లు పడుతున్నాయి. ఆకాశంలో ఒక కేకతో నవల మొదలవుతుంది. వెంటనే చీకట్లో జనాన్ని రైలెక్కించి ఎక్కడికో తరలిస్తుంటారు. ఎవరు, ఎక్కడికి, ఎందుకు, ఏదీ తెలియదు. కొంత దూరం పోయాక అదంతా పైరేట్ ప్రెంటిస్ అనే ఆఫీసరు కల అని తెలుస్తుంది. అతను లేచి డాబా మీద పెంచుతున్న అరటిపళ్లు కోసుకొచ్చి, రకరకాల అరటి వంటకాలతో తోటివాళ్లకి టిఫిన్ తయారుచేస్తాడు. ఆ వంటకాల జాబితా చదువుతూ నవ్వురాకపోతే పుస్తకాన్ని మరీ సీరియస్‌గా పట్టుకున్నట్టే లెక్క.

మరి ఆ కేక ఏమిటి? వీ-2 ధ్వనికంటే వేగంగా వస్తుంది. అంటే ముందు పేలుడు, తర్వాత అది వస్తున్న చప్పుడు. కేక వినిపించిందంటే రాకెట్టు అప్పటికే ఎక్కడో పడిపోయింది, విన్నవాడు బతికే ఉన్నాడు. కార్యం ముందు, కారణం వెనక. నవల మొత్తం ఈ భౌతికశాస్త్రం మీదే కట్టాడు. సంఘటన ముందు వస్తుంది, దాని వివరణ ఎన్నో పేజీల తర్వాత వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. పాఠకుడు పడే అయోమయం, లండన్ వాసి పడే అయోమయం రెండూ ఒకే అచ్చులో పోసినవి. పించన్ 1960 నుంచి రెండేళ్లపాటు బోయింగ్‌లో టెక్నికల్ రచయితగా పనిచేశాడు. రాకెట్ల గురించిన ఆ ఖచ్చితత్వం కొంతవరకు అక్కడిదే అయుండొచ్చు.

ఇంకా తమాషా అయినది స్లోత్రాప్ మ్యాపు. టైరోన్ స్లోత్రాప్ అనే అమెరికన్ లెఫ్టినెంట్ తను కలిసిన అమ్మాయిల పేర్లు రాస్తూ లండన్ మ్యాపు మీద చుక్కలు అంటిస్తుంటాడు. ఆ చుక్క పెట్టిన చోటే కొద్దిరోజులకి రాకెట్టు పడుతుంది. ఎందుకు? పాయింట్స్‌మన్ అనే, కుక్కల మీద ప్రయోగాలు చేసిన పావ్లోవ్‌కి శిష్యపరమాణువైన శాస్త్రవేత్తకి ఇందులో కార్యకారణ సంబంధం కావాలి, మనిషిని ల్యాబులో పెట్టి పరీక్షిస్తేనే గానీ నిద్రపట్టదు. రోజర్ మెక్సికో అనే గణాంక నిపుణుడు మాత్రం రాకెట్లు పాయిసాన్ అనే గణిత సూత్రం ప్రకారం చెల్లాచెదురుగా పడుతున్నాయంటాడు. ఎన్ని గళ్లలో ఎన్ని పడతాయో చెప్పగలడు గానీ తర్వాతది ఏ గడిలో పడుతుందో చెప్పలేడు. ఒకడికి అవును, కాదు రెండే కావాలి. ఇంకొకడు ఆ రెండిటి మధ్యలో బతకగలడు.

ఈ ఇద్దరూ నిజానికి ఇద్దరు పాఠకులు. ప్రతి వివరం వెనకా ఒక కుట్ర ఉందనుకునేవాడు ఒకడు, ఏదీ దేనికీ సంబంధం లేదనుకునేవాడు ఒకడు. నవల ఇద్దరికీ సాక్ష్యాలు సమానంగా ఇస్తుంది. ఆ చుక్కలు సగం స్లోత్రాప్ ఊహే కావచ్చన్న అనుమానం కూడా మధ్యలో వదులుతుంది. పాఠకుడు ఒక లింకు దొరికిందని సంబరపడగానే పాయింట్స్‌మన్ అయిపోతాడు, విసుగొచ్చి వదిలేస్తే మెక్సికో అవుతాడు. ఇంకా చెప్పాలంటే నవల నాలుగో భాగానికి వచ్చేసరికి స్లోత్రాప్ అనే మనిషే చెదిరిపోతాడు, చావడు, మాయమవడు, పాత్రగా పట్టు దొరకకుండా అక్కడక్కడా ముక్కలుగా మిగులుతాడు. హీరోకి చివర్లో ఏమవుతుందోనని ఎదురుచూసినవాళ్లకి ఇది చెంపదెబ్బే. రాకెట్టుకీ అతనికీ ఉన్న సంబంధం మీద చివరి తీర్పు కోసం అన్ని పేజీలు ఆగినవాళ్లకి అదీ దొరకదు.

అందువల్ల ఇక్కడ ‘అర్థమైందా లేదా’ అన్నది సరైన ప్రశ్న కాదు. పొంతన కుదర్చాలన్న మనసు తహతహని పుస్తకం ఎలా వాడుకుంటోంది, ఎక్కడ ఆశపెట్టి ఎక్కడ చెయ్యి వదిలేస్తోంది అన్నది చూస్తే ఆట మొదలవుతుంది.

నియమం పెట్టుకుని రాసినవి

ఇంకో రకం పుస్తకాలకి తెలుగు పాఠకుడు నిజానికి కొత్త కాదు. పెదవులు కలిసే అక్షరం ఒక్కటీ లేకుండా రాసిన నిరోష్ఠ్య కావ్యాలు, ఒకే పద్యంలో రెండు కథలు నడిపిన ద్వ్యర్థి కావ్యాలు మనకున్నాయి. అవధానంలో నిషిద్ధాక్షరి ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. 1960లో పారిస్‌లో మొదలైన ఊలిపో అనే రచయితల బృందం చేసింది దాదాపు ఇదే పని, వచనంలో. జార్జ్ పెరెక్ 1969లో ఫ్రెంచిలో అతి ఎక్కువగా వాడే ‘e’ అక్షరం ఒక్కసారి కూడా రాకుండా నవల మొత్తం రాశాడు. దాన్ని విన్యాసంగా చూసి పక్కన పెట్టేస్తే అసలు సంగతి జారిపోతుంది. కథలో కూడా ఒక మనిషి కనిపించకుండా పోతాడు, మిగిలినవాళ్లకి ఏదో లోటు తెలుస్తుంటుంది గానీ ఏమిటో నోటితో చెప్పలేరు. పెరెక్ తండ్రి 1940లో యుద్ధంలో చనిపోయాడు, తల్లిని 1943లో ఆష్‌విట్జ్‌కి తీసుకెళ్లారు. నియమం, విషయం రెండూ ఒకటే అయిపోయిన చోటు ఇది.

అన్ని నియమాలూ ఇంత బరువైనవి కావు. హూలియో కొర్తాసర్ 1963 నవల ‘హాప్‌స్కాచ్’లో 155 అధ్యాయాలు ఉంటాయి. మొదటి 56 వరసగా చదివి ఆపేయొచ్చు, లేదా రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం 73వ అధ్యాయంతో మొదలుపెట్టి గెంతుతూ పోవచ్చు. రెండో దారిలో వెళ్తే చివర్లో 58వ అధ్యాయం 131కి పంపుతుంది, 131 మళ్లీ 58కి పంపుతుంది. బయటికి దారి లేదు. బి.ఎస్. జాన్సన్ 1969లో 27 విడి భాగాలని డబ్బాలో పెట్టి నవలగా ఇచ్చాడు. మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి ఏ వరసలోనైనా చదువుకోవచ్చు. క్యాన్సర్‌తో పోయిన స్నేహితుడి జ్ఞాపకాలవి, జ్ఞాపకాలు వరసగా రావు కదా. క్రస్నహోర్కయి ‘శటాన్‌టాంగో’లో అధ్యాయాల అంకెలు ఒకటి నుంచి ఆరుదాకా వెళ్లి, ఆరు నుంచి ఒకటికి తిరిగొస్తాయి, టాంగో నృత్యంలో అడుగుల్లాగా.

వీటన్నిటిలోకీ హాయిగా నవ్వించేది బహుశా నబొకోవ్ ‘పేల్ ఫైర్’, 1962. జాన్ షేడ్ అనే కవి రాసిన 999 పంక్తుల పద్యం, దానికి చార్లెస్ కిన్‌బోట్ అనే ప్రొఫెసరు రాసిన ముందుమాట, వ్యాఖ్యానం, చివర అకారాది సూచిక. ఇంతే పుస్తకం. వ్యాఖ్యాత పద్యం గురించి చెప్పాల్సింది పోయి, తను జెంబ్లా అనే దేశానికి ప్రవాసంలో ఉన్న రాజునన్న కథ అల్లుకుంటూ పోతాడు. పైగా ముందుమాటలోనే, పేజీలు అటూ ఇటూ తిప్పే శ్రమ లేకుండా పద్యం ఉన్న పేజీలు కత్తిరించి పెట్టుకోండి, లేదంటే రెండు కాపీలు కొనుక్కోండి అని సలహా ఇస్తాడు. మూలాన్ని మింగేసే వ్యాఖ్యానాలు చూసినవాళ్లెవరికైనా ఈ కిన్‌బోట్ వెంటనే పరిచయస్థుడిలా అనిపిస్తాడు. వ్యాఖ్యాన రూపం తెలిస్తే చాలు, నవల అక్కడినుంచి పరుగెడుతుంది.

ఎందుకిలా రాయడం మొదలైంది

ఒక్క కారణం చెప్పడం కష్టం. యుద్ధం తర్వాత అమెరికాలో, యూరప్‌లో సూటి కథ చెప్పే పని సినిమా, టీవీ చాలావరకు అందుకున్నాయి. నవలకి తనకే చేతనైనది ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది. 1967లో అమెరికన్ నవలాకారుడు జాన్ బార్త్ ఒక వ్యాసంలో పాత రూపాలు అరిగిపోయాయని, ఆ అరుగుదలనే సరుకుగా వాడుకోవచ్చని వాదించాడు. 1979లో ఫ్రెంచి తత్వవేత్త లియోటార్ అన్నిటినీ వివరించే మహాకథనాల మీద నమ్మకం సడలడమే పోస్ట్‌మోడర్న్ స్థితి అన్నాడు. ప్రగతి, చరిత్ర, విముక్తి లాంటి పెద్ద కథల మీద నమ్మకం పోయినప్పుడు, మొదలు, మధ్య, ముగింపు చక్కగా కుదిరిన నవల కూడా కొంతమందికి అబద్ధంలా కనిపించింది. అందరికీ కాదు, అప్పుడూ ఇప్పుడూ అమ్ముడుపోయేవి ఎక్కువగా కుదిరిన నవలలే.

నాలుగు కష్టాలు, ఒకటే మందు కాదు

విమర్శకుడు జార్జ్ స్టైనర్ 1978లో కష్టం మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన మాట్లాడింది ముఖ్యంగా కవిత్వం గురించే అయినా ఆ విభజన నవలలకీ బాగా పనికొస్తుంది. తెలియని పేరు, మాట, ప్రస్తావన ఎదురుకావడం మొదటిది, వెతికితే దొరుకుతుంది. రెండోది, మాటలన్నీ తెలిసినా ఆ చూపు మనకి పడకపోవడం. ఏం చెబుతున్నాడో తెలుస్తుంది, ఎందుకు చెబుతున్నాడో తెలియదు. మూడోది రచయిత కావాలని పెట్టిన అడ్డు, మన వేగం తగ్గించడానికి. నాలుగోది భాష మీదే, చెప్పడం అనే పని మీదే అనుమానం.

చిక్కు ఎక్కడంటే, చాలామంది అన్నిటికీ మొదటిదాని మందే వాడతారు. ప్రతి పేరు, ప్రతి ప్రస్తావన వెతుకుతూ పోతారు. మాతృభాష కాని భాషలో చదివేవాళ్లకి ఈ తాపత్రయం రెట్టింపు, మాట రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బందీ నవల పెట్టిన ఇబ్బందీ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోతుంది. ఒక పేజీలో మాటలన్నీ చూసుకున్నాక కూడా అది తేలడం లేదంటే అది మొదటి రకం కాదు. డిక్షనరీ మూసేయొచ్చు.

మూడో రకానికి ‘జేఆర్’ మంచి ఉదాహరణ. విలియం గాడిస్ 1975లో రాసిన ఈ నవల 726 పేజీలు, దాదాపు అంతా సంభాషణే. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పడు, అధ్యాయాలు లేవు, స్కూలు ఫోను పట్టుకుని ఒక పదకొండేళ్ల కుర్రాడు కాగితాల మీద వ్యాపార సామ్రాజ్యం కట్టేస్తుంటాడు. కళ్లతో చదివితే గోల. కొన్ని పేజీలు పైకి చదివితే గొంతులు విడిపోతాయి, ఒకడు ప్రతి మాటకీ ముందు నసుగుతాడు, ఇంకొకడు ఎదుటివాడి మాట పూర్తికానివ్వడు, కుర్రాడి మాట అసలు ఆగదు. ఇక్కడ కావలసింది పరిశోధన కాదు, చెవి.

‘ఇన్ఫినిట్ జెస్ట్’లోదీ రచయిత పెట్టిన అడ్డే, తీరు వేరు. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1996 నవల, 1079 పేజీలు, చివర్లో 388 నోట్లు, కొన్ని నోట్లకి మళ్లీ ఫుట్‌నోట్లు. రెండు బుక్‌మార్కులు తప్పనిసరి. అందులో సంవత్సరాలకి అంకెలు ఉండవు, కంపెనీల ఉత్పత్తుల పేర్లు ఉంటాయి. ఏ సంవత్సరం ముందో ఏది వెనకో తెలియక పాఠకుడు తలపట్టుకుంటాడు. ఆ వరస పుస్తకంలోనే ఉంది, అసలు అమెరికన్ ముద్రణలో 223వ పేజీలో. అప్పటిదాకా తెలియకుండా ఉంచడం రచయిత ఎంపిక, కానీ ముందే చూసుకున్నా కొంప మునిగేదేమీ లేదు. కాలక్రమంలో ఆఖరున జరిగే సంగతి మొదటి అధ్యాయంలోనే ఉంటుంది, కాబట్టి చివరి పేజీ అయ్యాక మొదటి అధ్యాయం మళ్లీ చదవకపోతే సగమే చదివినట్టు.

నాలుగో రకానికి మందు లేదు. ఉందని చెప్పే గైడ్‌లని కాస్త అనుమానించాలి.

ఊరికే కష్టపెట్టేవీ ఉన్నాయి

అయోమయం కథలో భాగం అనే వాదనకి ఒక ప్రమాదం ఉంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఏ చెత్తనైనా సమర్థించొచ్చు. ఈ అనుమానం చదువురానివాళ్లది కాదు. 1974లో ‘గ్రావిటీస్ రెయిన్‌బో’కి పులిట్జర్ ఇవ్వాలని ఫిక్షన్ జ్యూరీ ఏకగ్రీవంగా చెప్పింది, పై బోర్డు ఒప్పుకోలేదు, ఆ ఏడు ఫిక్షన్‌కి బహుమతే ఇవ్వలేదు. అదే పుస్తకం ఆ ఏడే నేషనల్ బుక్ అవార్డుని ఐజక్ బషేవిస్ సింగర్ కథల పుస్తకంతో కలిసి పంచుకుంది. 2002లో అమెరికన్ నవలాకారుడు జొనాథన్ ఫ్రాంజెన్ గాడిస్ గురించి రాస్తూ నవలలకి రెండు నమూనాలు ఉన్నాయన్నాడు. ఒకదానిలో గొప్ప పుస్తకం పాఠకుడు ఎవరైనా గొప్పదే, అర్థం కాకపోతే లోపం చదివినవాడిది. రెండోదానిలో రచయితకీ పాఠకుడికీ మధ్య ఒప్పందం ఉంటుంది, రచయిత దాన్ని తప్పితే పుస్తకం మూసేసే హక్కు పాఠకుడిది. ‘జేఆర్’ని సగంలో వదిలేశానని కూడా రాశాడు. మూడేళ్ల తర్వాత ఇంకో రచయిత బెన్ మార్కస్ దానికి గట్టిగా బదులిచ్చాడు, కష్టాన్ని ఇలా తప్పుపడితే నవల కొత్తదారి తొక్కేదెప్పుడని.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కానీ ఇద్దరూ పుస్తకాలని గంపగుత్తగా తూచారు. పనికొచ్చే పరీక్ష ఇంకా చిన్నది. ఆ అడ్డు తీసేస్తే ఏం పోతుందో చూడాలి. ‘పేల్ ఫైర్’లో వ్యాఖ్యానం తీసేస్తే నవలే లేదు. ‘గ్రావిటీస్ రెయిన్‌బో’ని కాలక్రమంలో సర్దితే కారణం ముందుకొచ్చి కార్యం వెనక్కి పోతుంది, నవల చెప్పాలనుకున్నదే పోతుంది. అదే కొన్ని పుస్తకాల్లో ఫాంట్లు మార్చడం, పేజీ తలకిందులు చేయడం, కథకుడు వచ్చి ‘ఇదంతా నేను రాస్తున్నాను’ అనడం తీసేస్తే పోయేదేమీ ఉండదు. పేజీ కొంచెం తేలికవుతుంది అంతే. 1960ల్లో కొత్తగా ఉన్న ఎత్తుగడలు ఇప్పుడు ప్రకటనల్లోనే దొరుకుతున్నాయి. అవి చేసే పని కొన్నిచోట్ల ఎప్పుడో అయిపోయింది.

ఇంకో ఆధారం వాక్యం. ఎక్కడైనా తెరిచి ఒక పేజీ చదివితే, సందర్భం తెలియకపోయినా ఆ పేజీలో ఊపు, నవ్వు, ఒక్క బొమ్మ అయినా దొరకాలి. మంచి పోస్ట్‌మోడర్న్ నవల పేజీ స్థాయిలో చాలా ఉదారంగా ఉంటుంది, పొదుపంతా మొత్తం నిర్మాణం దగ్గరే. పేజీ కూడా ఎండిపోయి, మొత్తమూ తేలకపోతే అది రచయిత బాధ్యత.

చదివేటప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలన్నది చిన్న విషయం కాదు. చాలామంది అన్నిటికంటే లావు పుస్తకంతో మొదలుపెట్టి అక్కడితో ఆపేస్తారు. ఇటాలో కల్వీనో 1979 నవల ‘ఇఫ్ ఆన్ ఎ వింటర్స్ నైట్ ఎ ట్రావెలర్’ పది నవలల ప్రారంభాలు, ఒక్కటీ పూర్తికాదు. పాఠకుడే పాత్ర, పూర్తి పుస్తకం కోసం తిరుగుతుంటాడు. తెగిపోయిన కథ మీద వచ్చే చిరాకునే కథ చేశాడు కాబట్టి ఈ రకం చదువుకి ఇంతకంటే మంచి తర్ఫీదు లేదు. పించన్‌లో 1966 నాటి ‘ది క్రైయింగ్ ఆఫ్ లాట్ 49’ చిన్నది, అందులోనూ లింకులు దొరుకుతూనే ఉంటాయి, అవి నిజమా కాదా అన్నది తేలదు. అది నచ్చితే పెద్దదానికి వెళ్లొచ్చు, నచ్చకపోతే పెద్దదీ నచ్చకపోవచ్చు.

మొదటి వంద పేజీల మీద తీర్పు చెప్పకపోవడం మంచిది. ఉంబెర్తో ఎకో ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ 1980లో వచ్చింది. ముందు వంద పేజీలు భారంగా ఉన్నాయి, తగ్గించమని స్నేహితులు, ప్రచురణకర్తలు అడిగితే ఎకో ఒప్పుకోలేదు. మఠంలో ఏడు రోజులు ఉండాలనుకునేవాడు ముందు ఆ మఠం లయకి అలవాటు పడాలన్నది ఆయన లెక్క. ఆ వంద పేజీలతోనే పుస్తకం లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. కాబట్టి కష్టం అమ్ముడుపోదు అనేది కూడా పూర్తిగా నిజం కాదు. వంద దాటాక కూడా వాక్యం పట్టుకోకపోతే వదిలేయొచ్చు. ఫ్రెంచి రచయిత డానియల్ పెనాక్ 1992లో రాసిన పాఠకుడి పది హక్కుల్లో పేజీలు దాటేసే హక్కు, పూర్తిచేయకుండా ఆపేసే హక్కు రెండూ ఉన్నాయి.

గైడ్‌ల సంగతి. ‘గ్రావిటీస్ రెయిన్‌బో’కి స్టీవెన్ వైజెన్‌బర్గర్ 1988లో పేజీ పేజీకీ వివరణలతో ఒక సహాయ గ్రంథం తెచ్చాడు. చాలా మేలైన పని. కానీ పక్కన పెట్టుకుని ప్రతి వాక్యానికీ చూస్తే నవల ఆగిపోతుంది, కిన్‌బోట్ గెలుస్తాడు. ఒక భాగం చదివేశాక ఆ భాగం వివరణ చూసుకోవడం నయం. కథ ముందే తెలిసిపోతుందేమోనని భయపడాల్సిన పని దాదాపు లేదు, ఈ పుస్తకాల్లో ముందే తెలిస్తే పాడయ్యేది చాలా తక్కువ. పాత్రల జాబితా ఒక కాగితం మీద రాసుకోవడం మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, పేరు పక్కన పేజీ నంబరుతో సహా. స్లోత్రాప్ లాంటివాళ్లు చెదిరిపోయాక వాళ్లు ఎక్కడెక్కడ కనిపించారో చెప్పగలిగేది ఆ కాగితమే.